కుడి సీటు దాకా: ఎయిర్‌లైన్ పైలట్ ఉద్యోగం, ట్రైనింగ్ (నా అనుభవం)

కమర్షియల్ లైసెన్సు చేతికొచ్చి, లాగ్‌బుక్‌లో రెండొందల చిల్లర గంటలు పడ్డాక ఇక విమానం నడపడం వచ్చేసినట్టే అనుకుంటాం. ఎయిర్‌లైన్ లెక్క వేరు. వాళ్ళ దృష్టిలో ఆ కాగితాలకు అర్థం, ఈ మనిషికి నేర్పి చూడొచ్చు అని, అంతే. అప్లికేషన్ పెట్టిన రోజు నుంచి లైన్ చెక్ (ప్రయాణికులతో ఎగిరే చివరి పరీక్ష) దాకా ప్రతి మెట్టు మీదా వాళ్ళు చూసేది ఒక్కటే: చేతులు విమానం నడుపుతుండగా బుర్రలో ఇంకా ఎంత ఖాళీ మిగిలి ఉంది? ట్రైనర్లు దాన్ని కెపాసిటీ అంటారు. ఈ ముక్క నాకు సిమ్యులేటర్ సగం అయ్యాక గానీ తలకెక్కలేదు.

ముందు అర్హతల సంగతి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐసీఏఓ ప్రమాణాల ప్రకారం కమర్షియల్ లైసెన్సుకు (సీపీఎల్) 200 గంటలు కావాలి, ఆమోదం పొందిన కోర్సులో మొదటి నుంచీ చదివితే 150 చాలు. కెప్టెన్ కావడానికి కావలసిన పై లైసెన్సు ఏటీపీఎల్‌కు 1,500. అమెరికాలో 2013 నుంచి కుడి సీటుకు, అంటే కో-పైలట్‌కు కూడా ఆ స్థాయి ఏటీపీ సర్టిఫికెట్ తప్పనిసరి చేశారు. 1,500 గంటల మాట ఎక్కువగా అక్కడి నుంచే వినిపించడానికి కారణం అదే. మిగతా చాలా చోట్ల సీపీఎల్, మల్టీ ఇంజిన్ ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (పరికరాలు చూసి నడిపే అర్హత), క్లాస్ 1 మెడికల్, ఇంగ్లిష్ లెవెల్ 4 ఉంటే తలుపు తట్టొచ్చు. ఏటీపీఎల్ రాతపరీక్షలు, ఇద్దరు పైలట్లు కలిసి పనిచేయడం నేర్పే ఎంసీసీ కోర్సు కూడా పూర్తయి ఉంటే మంచిది, కొన్ని చోట్ల అవి లేకుండా లోపలికే రానివ్వరు. లెవెల్ 4కు మూడేళ్ళకోసారి మళ్ళీ పరీక్ష. నలభై దాటనివాళ్ళకు మెడికల్ ఏడాదికోసారి.

అప్లికేషన్లో ఎక్కువమంది దెబ్బతినేది లాగ్‌బుక్ దగ్గర. నైట్, మల్టీ ఇంజిన్, ఇన్‌స్ట్రుమెంట్ కాలమ్‌ల మొత్తాలు ఫారంలో రాసిన అంకెలతో కలవవు. ఒక పేజీ అడుగున చేసిన కూడిక తప్పు తర్వాతి పేజీలన్నిటికీ పాకి ఉంటుంది. ఇంటర్వ్యూకి వెళ్ళే ముందు మొదటి పేజీ నుంచి అన్నీ మళ్ళీ కూడండి. తప్పు కనిపిస్తే ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె రాసి సంతకం పెట్టండి. వైట్‌నర్ పూసిన లాగ్‌బుక్‌ను చూసే కళ్ళే వేరు.

తర్వాత కంప్యూటర్ మీద ఆప్టిట్యూడ్ పరీక్షలు. నోటిలెక్కలు, గుర్తుపెట్టుకోవలసిన అంకెల వరుసలు, తిప్పిన ఆకారాలు, చివర్లో అసలుది, మల్టీటాస్క్. ఒక చేత్తో జాయ్‌స్టిక్ పట్టుకుని చుక్కను మధ్యలో నిలపాలి, చెవిలో అక్షరాలు వినిపిస్తుంటే ఫలానా అక్షరం రాగానే బటన్ నొక్కాలి, స్క్రీన్ మూలన కూడికలు వస్తుంటాయి. ఏ మనిషీ అన్నీ చేయలేనంత బరువు అందులో కావాలనే పెడతారు. చుక్కను గీత గీసినట్టు మధ్యలో నిలబెట్టి కూడికలు వదిలేసేవాళ్ళు పోతారు. చుక్క కాస్త ఊగినా అన్నిటినీ వంతులవారీగా తడుముతూ తిరిగేవాళ్ళు నెగ్గుతారు. కాక్‌పిట్‌లో చేయాల్సిందీ అదే. నోటిలెక్కలకు మాత్రం సాధన పనికొస్తుంది: 420 నాట్లంటే నిమిషానికి 7 మైళ్ళు, 30 డిగ్రీల పక్కన వీచే గాలిలో సగం క్రాస్‌విండ్, 45 డిగ్రీలైతే 70 శాతం, 60 అయితే 90. మూడు డిగ్రీల జారుడులో నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో కావాలంటే గ్రౌండ్ స్పీడ్‌ను 5తో హెచ్చవేయండి. 140 నాట్లకు 700.

గ్రూప్ ఎక్సర్‌సైజ్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. గడియారం చూసి "ఇంకా ఐదు నిమిషాలే ఉంది" అనేవాళ్ళకు, మాట్లాడకుండా కూర్చున్న మనిషిని "మీరేమంటారు?" అని అడిగేవాళ్ళకు మార్కులు పడతాయి.

టెక్నికల్ ఇంటర్వ్యూ వేరే ఆట. వీ1 అంటే ఏమిటి (టేకాఫ్ ఆపడానికి ఆఖరి వేగం), రన్‌వే తడిసి ఉంటే అది ఎందుకు తగ్గుతుంది, రెక్కలు వెనక్కి వంచడం వల్ల లాభమేమిటి, నష్టమేమిటి, ఇంధనంలో ఏ భాగం దేనికి అని మొదలుపెడతారు. జవాబు చెప్పేకొద్దీ ఇంకో "ఎందుకు?" వస్తుంది. మీకు ఎంత లోతు దాకా తెలుసో కనిపెట్టేదాకా తవ్వుతారు. అడుగు తగిలినప్పుడు "తెలియదండీ, ఫలానా మాన్యువల్లో చూడాలి" అంటే సరిపోతుంది. అక్కడ అల్లి చెప్పిన జవాబు ఉద్యోగాన్నే తీసేస్తుంది, ఎందుకంటే రేపు కాక్‌పిట్‌లో కూడా అల్లి చెప్తారని వాళ్ళ భయం. కెప్టెన్‌తో విభేదం వస్తే ఏం చేస్తారన్న ప్రశ్న తప్పకుండా ఉంటుంది. కంట్రోల్ లాక్కుంటాననీ, ఆయన పెద్దాయన కాబట్టి ఊరుకుంటాననీ రెండూ చెప్పకూడదు. ముందు విషయం చెప్పడం, వినకపోతే కారణంతో సహా గట్టిగా చెప్పడం, ప్రమాదం ముంచుకొస్తే చేయి వేయడం, అదీ వరుస.

సిమ్ (సిమ్యులేటర్) అసెస్‌మెంట్ మీకు అలవాటు లేని విమానంలో ఉంటుంది. సమయం అరగంట లోపే. టేకాఫ్, లెవెల్ ఆఫ్, 45 డిగ్రీల వంపుతో మలుపులు, హోల్డింగ్ (ఒకచోట చుట్లు కొడుతూ ఆగడం), ఫ్లైట్ డైరెక్టర్ (ఎటు నడపాలో చూపే గీతలు) లేకుండా ఐఎల్ఎస్ (రేడియో సంకేతాల వెంట రన్‌వేకి దిగడం), గో అరౌండ్ (దిగకుండా మళ్ళీ పైకి లేవడం). ముందే ఇచ్చే పిచ్ (ముక్కు ఎత్తిన కోణం), పవర్ అంకెలను ఒక కార్డు మీద రాసుకుని నోటికి తెచ్చుకోండి. ఫలానా పిచ్, ఫలానా పవర్ పెట్టి, ట్రిమ్ చేసి, చేయి సడలిస్తే విమానం అక్కడే నిలుస్తుంది. సూదుల వెంట పరిగెత్తేవాళ్ళకు బుర్రలో ఖాళీ ఉండదు. పక్క సీట్లో మనిషిని మర్చిపోవడం ఇంకో పెద్ద పొరపాటు. ఫ్రీక్వెన్సీ పెట్టమనండి, చార్టులో మినిమమ్ (రన్‌వే కనిపించకుండా దిగగల కనీస ఎత్తు) చదవమనండి, హోల్డింగ్‌లో టైమ్ చూడమనండి. అన్నీ తానే చేసే పైలట్ వాళ్ళకు అక్కర్లేదు.

ఆఫర్ వచ్చిన సంతోషంలో బాండ్ కాగితం (ముందే మానేస్తే డబ్బు కడతానన్న ఒప్పందం) చదవకుండా సంతకం పెట్టేస్తారు. నాలుగు ప్రశ్నలు అడగాలి: టైప్ రేటింగ్ (ఫలానా రకం విమానం నడిపే అర్హత) ఖర్చు ఎవరిది, బాండ్ మొత్తం నెలనెలా తగ్గుతుందా లేక చివరిదాకా అలాగే ఉంటుందా, ట్రైనింగ్‌లో తప్పితే ఎవరు కట్టాలి, కంపెనీయే తీసేస్తే ఏమిటి. జవాబు నోటిమాటగా కాదు, కాగితం మీద ఉండాలి.

చేరాక మొదటి వారాలు క్లాసురూమ్. కంపెనీ మాన్యువళ్ళు, తొమ్మిది తరగతుల ప్రమాదకర సరుకులు, సేఫ్టీ ట్రైనింగ్. సేఫ్టీలో కాసేపు నిజం పని ఉంటుంది: పొగ నిండిన గదిలో స్మోక్ హుడ్ తగిలించుకుని తడుముకుంటూ వెళ్ళడం, స్లైడ్ మీదికి కూర్చుని కాకుండా దూకి జారడం, ఈత కొలనులో రాఫ్ట్ ఎక్కడం. లిథియం బ్యాటరీ మంటకు హాలాన్ కొడితే మంట ఆరుతుంది గానీ లోపలి వేడి తగ్గదు. దాని మీద నీళ్ళు పోస్తూనే ఉండాలి. ఐసు మాత్రం పెట్టకూడదు, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. సీఆర్ఎం (సిబ్బంది కలిసి పనిచేసే పద్ధతి) క్లాసుల్లో రన్‌వే మీద రెండు విమానాలు ఢీకొన్న 1977 టెనరీఫ్ ప్రమాదం ఎలాగూ వస్తుంది, 583 మంది పోయారు. నన్ను ఎక్కువగా పట్టుకున్నది 1978లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర కూలిన యునైటెడ్ 173 విమానం. ల్యాండింగ్ గేర్ (చక్రాల) సమస్య చూసుకుంటూ తిరుగుతుండగానే ఇంధనం అయిపోయింది. మిగతావాళ్ళు ఇంధనం మాట ఎత్తారు, కానీ కెప్టెన్ తల తిప్పి చూసేంత గట్టిగా కాదు. సీఆర్ఎం ట్రైనింగ్ పుట్టడానికి ఆ ప్రమాదం ఒక పెద్ద కారణం.

ఇక టైప్ రేటింగ్. నాది ఎయిర్‌బస్ ఏ320, కాబట్టి అంకెలన్నీ దానివే చెప్తాను. వేరే విమానమైతే అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

సిస్టమ్స్ చదివేటప్పుడు అందరూ చేసే తప్పు, పంపు ఎంత ఒత్తిడి ఇస్తుంది, వాల్వు ఎన్ని డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది అని కంఠతా పట్టడం. గ్రీన్, బ్లూ, ఎల్లో మూడు హైడ్రాలిక్కులూ 3,000 పీఎస్ఐ మీద నడుస్తాయని తెలిస్తే మంచిదే. అసలు ప్రశ్న, గ్రీన్ పోతే దిగేటప్పుడు నా దగ్గర ఏం లేదు? గేర్‌ను బరువు మీద జారవిడవాలి. అలా దించిన గేర్ మళ్ళీ పైకి రాదు. అంటే గో అరౌండ్ చేస్తే గేర్ వేలాడుతూనే ఉంటుంది, ఇంధనం చాలా ఎక్కువ తాగుతుంది, దూరపు ఆల్టర్నేట్ (ప్రత్యామ్నాయ విమానాశ్రయం) చేరలేకపోవచ్చు. నార్మల్ బ్రేకులు పోయి ఎల్లో మీద నడిచే ఆల్టర్నేట్ బ్రేకులు మిగులుతాయి. ఇలా ప్రతి ఫెయిల్యూర్‌నూ ల్యాండింగ్ దాకా లాక్కెళ్ళి చదివితే మౌఖికంలోనూ సిమ్‌లోనూ అదే పనికొస్తుంది.

సాయంత్రాలు పేపర్ కాక్‌పిట్. కాక్‌పిట్ బొమ్మలు గోడకు అంటించి, ఎదురుగా రెండు కుర్చీలు వేసుకుని, సిమ్ పార్ట్‌నర్‌తో ఫ్లోలు (స్విచ్‌ల మీద చేయి తిరిగే వరుస), కాలవుట్లు (ఒకరికొకరు పైకి చెప్పుకోవాల్సిన మాటలు). చూసేవాళ్ళకు పిచ్చిగా ఉంటుంది, అయినా అన్నిటికంటే ఎక్కువ పని చేసింది ఇదే. టేకాఫ్ రోల్ మొదలవగానే ఎఫ్‌ఎంఏ (ఆటోపైలట్, ఆటోథ్రస్ట్ ఏ మోడ్‌లో ఉన్నాయో చూపే వరుస) చూసి "మ్యాన్ ఫ్లెక్స్ 58, ఎస్‌ఆర్‌ఎస్, రన్‌వే, ఆటోథ్రస్ట్ బ్లూ" అని ఆలోచించకుండా నోట రావాలి. ఆ మాటల కోసం వెతుక్కున్న ఒక్క క్షణంలో విమానం రన్‌వే మధ్యగీత దాటి పక్కకు పోతుంది. కాలవుట్లు ఇంటి దగ్గర నేర్చుకోవాలి. సిమ్‌లో వాటిని నేర్చుకోబోతే, అక్కడ నేర్చుకోవాల్సినవి మిగిలిపోతాయి.

ముందు కదలని ట్రైనర్‌లో ఎఫ్‌ఎంఎస్ (దారి, వేగాలు లెక్కగట్టే కంప్యూటర్) నింపడం. అందరూ డిఫ్‌స్రిప్ అనే వరుస పట్టుకుంటారు: డేటా, ఇనిట్, ఫ్లైట్ ప్లాన్, సెకండరీ, రేడియో నావ్, ఇనిట్ రెండో పేజీ, పెర్ఫ్. ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు బరువు. జీరో ఫ్యూయల్ వెయిట్‌లో (ఇంధనం కలపని బరువు) ఒక అంకె మారినా స్పీడులన్నీ తప్పు వస్తాయి, కంప్యూటర్ చాలాసార్లు నోరెత్తదు. దాన్ని పట్టుకోవడానికి ఒక చిటికె లెక్క ఉంది. బరువును టన్నుల్లో తీసుకుని రెట్టింపు చేసి 85 కలిపితే, 20,000 అడుగుల కింద గ్రీన్ డాట్ స్పీడు (ఫ్లాప్స్ లేకుండా డ్రాగ్, అంటే గాలి అడ్డు, అతి తక్కువగా ఉండే వేగం). 62 టన్నులైతే 124, దానికి 85, మొత్తం 209. పెర్ఫ్ పేజీలో 190 కనిపిస్తే ఎక్కడో అంకె తారుమారైందన్నమాట.

ఆ తర్వాత ఆరు కాళ్ళ మీద కదిలే ఫుల్ ఫ్లైట్ సిమ్యులేటర్. ఒక్కో సెషన్‌కు గంటో గంటన్నరో బ్రీఫింగ్, లోపల నాలుగు గంటలు, రెండు మీవి, రెండు పార్ట్‌నర్‌వి, చివర డీబ్రీఫ్. సిమ్ ఇరవైనాలుగు గంటలూ నడుస్తుంది కాబట్టి అర్ధరాత్రి రెండింటికి స్లాట్ పడొచ్చు. ఎక్కగానే మొదటి పని సీటు. ముందు అద్దాల మధ్య కమ్మీ మీద ఎరుపు, తెలుపు చిన్న బంతులు ఉంటాయి. మీ వైపు నుంచి చూస్తే ఎర్రబంతి తెల్లబంతిని కప్పేయాలి. నాలుగు వేళ్ళ మందం కిందికి కూర్చున్నా ల్యాండింగ్‌లో రన్‌వే ముందుభాగం ముక్కు కింద మాయమవుతుంది, ఫ్లేర్ (నేల తాకే ముందు ముక్కు లేపడం) ఎప్పుడూ తప్పుతుంది. వారంపాటు నా ల్యాండింగులు బాగోకపోవడానికి సగం కారణం సీటే.

సిమ్‌లో ఎక్కువసార్లు చేసేది వీ1 కట్, అంటే వీ1 దాటాక ఒక ఇంజిన్ పోవడం. 100 నాట్ల లోపు దాదాపు ఏ సమస్యకైనా ఆగవచ్చు. 100 నుంచి వీ1 దాకా మంట, థ్రస్ట్ పోవడం, విమానం ఎగరదనిపించడం లాంటి పెద్దవాటికే. ఆపే నిర్ణయం కెప్టెన్‌ది, అందుకే వీ1 దాకా థ్రస్ట్ లీవర్ల మీద ఆయన చేయే ఉంటుంది. వీ1 వినబడగానే ఆ చేయి తీసేస్తారు. ఇక ఎగరాల్సిందే.

కుడి ఇంజిన్ పోతే ముక్కు కుడికి గుంజుతుంది. ఎడమ కాలు నొక్కాలి, ఎంత అంటే మధ్యగీత మళ్ళీ నిటారుగా కనిపించేంత. చూపు బయటే ఉండాలి, లోపలి అంకెల మీద కాదు. రొటేట్ వినగానే మామూలు కంటే నిదానంగా లేపి 12.5 డిగ్రీల దగ్గర ఆపాలి, మామూలుగా అది 15. నేల వదిలాక పీఎఫ్‌డీ (పైలట్ ఎదుటి ముఖ్యమైన తెర) పైన స్లిప్ గుర్తు నీలంగా మారుతుంది. దాన్ని బీటా టార్గెట్ అంటారు, అది మధ్యకొచ్చేలా కాలితో సర్దాలి. ఇక్కడే అందరూ కాలు మర్చిపోయి సైడ్‌స్టిక్‌తో వంపు సరిచేస్తారు. స్టిక్ పక్కకు నెట్టగానే ఆ వైపు రెక్క మీద స్పాయిలర్లు (గాలిని అడ్డుకునే పలకలు) లేస్తాయి, డ్రాగ్ పెరుగుతుంది, ఉన్న ఒక్క ఇంజిన్‌కూ బరువు ఎక్కువవుతుంది. కాలు సరిగా ఉంటే స్టిక్ దానంతటదే మధ్యలో ఉంటుంది. "పాజిటివ్ క్లైంబ్", "గేర్ అప్", రడర్ ట్రిమ్, ఆటోపైలట్. 400 అడుగుల దాకా ఈకామ్ (లోపాలు, వాటికి చేయాల్సిన పనులు చూపే తెర) జోలికి పోకూడదు. హెచ్చరిక మోగుతుంటే దాన్ని ఆపేసి నడపడమే. ఆ తర్వాత పార్ట్‌నర్ చదువుతుంటే, లీవర్ ఐడిల్‌కు లాగే ముందు, మాస్టర్ స్విచ్ ఆపే ముందు, ఫైర్ బటన్ నొక్కే ముందు ఇద్దరూ చూసి "కన్‌ఫర్మ్" అనుకోవాలి. తొందరలో బాగున్న ఇంజిన్‌ను ఆపేసిన ప్రమాదాలు చరిత్రలో ఉన్నాయి. నిర్ణయించిన ఎత్తుకు చేరాక లెవెల్ చేసి, ఫ్లాప్స్ లోపలికి తీసుకుని, గ్రీన్ డాట్‌కు వేగం పెంచి, మళ్ళీ పైకి. పదోసారికి దీంట్లో హడావిడి పోతుంది. అప్పుడు గానీ కంట్రోలర్ మాట వినబడదు.

మెమరీ ఐటమ్స్ (కాగితం చూడకుండా చేయాల్సిన అత్యవసర పనులు) కొన్నే, కానీ అక్షరం తప్పకూడదు. స్పీడు నమ్మలేని పరిస్థితికి ఆటోపైలట్, ఫ్లైట్ డైరెక్టర్లు, ఆటోథ్రస్ట్ ఆపి, థ్రస్ట్ తగ్గించే ఎత్తు లోపు 15 డిగ్రీలు, టోగా (పూర్తి థ్రస్ట్). దాని పైన 10,000 అడుగుల దాకా 10 డిగ్రీలు, క్లైంబ్ థ్రస్ట్. ఆ పైన 5 డిగ్రీలు, క్లైంబ్ థ్రస్ట్. 2009లో ఎయిర్ ఫ్రాన్స్ 447 వేగం కొలిచే పిటో గొట్టాల్లో ఐసు పట్టి స్పీడు అంకెలు పోయాక 228 మందితో అట్లాంటిక్‌లో పడింది. అప్పటి నుంచి ఈ అభ్యాసానికి, స్టాల్ నుంచి బయటపడే అభ్యాసానికి సిమ్‌లో చాలా సమయం ఇస్తున్నారు.

టైప్ రేటింగ్ చివర ఉండే స్కిల్ టెస్ట్‌లో కొత్తగా ఏమీ రాదు. రోజూ చేసినవే వస్తాయి. ఒక తప్పు జరిగాక దాన్నే తలచుకుంటూ రెండోది చేసేవాళ్ళు ఎక్కువ.

బేస్ ట్రైనింగ్ అంటే మొదటిసారి నిజం విమానం, లోపల ప్రయాణికులు లేరు, కనీసం ఆరు ల్యాండింగులు సాధారణం. ఖాళీ విమానం తేలికగా ఉండి ఎగిరి గంతేస్తుంది, 1,500 అడుగుల సర్క్యూట్ ఎత్తు కళ్ళు మూసి తెరిచేలోగా వస్తుంది. రన్‌వే మొదలుకు పక్కగా వచ్చాక 45 సెకన్లు, గాలిని బట్టి అటూ ఇటూ, తర్వాత మలుపు. ఫ్లేర్‌లో ఏ320కి ఒక గుణం ఉంది. 50 అడుగుల దగ్గర కంప్యూటర్ అప్పటి పిచ్‌ను గుర్తుపెట్టుకుంటుంది, 30 దగ్గర నుంచి ముక్కును మెల్లగా కిందికి దించడం మొదలుపెడుతుంది. మీరు లాగాలనిపించాలనే అది అలా చేస్తుంది. చూపు రన్‌వే చివరికి పంపి, స్టిక్‌ను మెత్తగా వెనక్కి తీసి అక్కడే పట్టుకోవాలి. 20 అడుగుల దగ్గర "రిటార్డ్" అని వినబడుతుంది, లీవర్లు ఐడిల్‌కు. ముక్కు ముందున్న తారు మీదే చూపు పెడితే ఎత్తు తెలియదు, దబ్బున కూర్చుంటుంది.

లైన్ ట్రైనింగ్‌లో పక్కన ట్రైనింగ్ కెప్టెన్, మొదటి కొన్ని సెక్టార్లకు (ఒక టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా ఒక సెక్టార్) వెనక జంప్‌సీట్లో సేఫ్టీ పైలట్. సిమ్‌లో లేనిది ఇక్కడ ఉంటుంది: సమయం ఒత్తిడి. అరగంట టర్నరౌండ్‌లో చుట్టూ తిరిగి చూడటం, ఎఫ్‌ఎంఎస్, లోడ్‌షీట్ (బరువుల కాగితం), ఇంధనం. వాకరౌండ్‌లో టైర్లలో దారాలు తేలాయా, పిటో కవర్లు తీశారా, ఫ్యాన్ బ్లేడ్లకు గాయాలున్నాయా చూడాలి. బ్రేక్ పిన్నుల అరుగుదల మాత్రం పార్కింగ్ బ్రేక్ వేసి ఉంటేనే తెలుస్తుంది. ఇంధనంలో ట్రిప్, దారిలో తేడాలకు సాధారణంగా ట్రిప్‌లో 5 శాతం, ఆల్టర్నేట్‌కు, చివర 1,500 అడుగుల మీద 30 నిమిషాలు. ఆ చివరి ముప్పై నిమిషాలు తాకకూడని సొమ్ము.

కొత్తవాళ్ళను అందరికంటే ఎక్కువ ఏడిపించేది దిగడం. ఎత్తును వేలల్లో తీసుకుని మూడుతో హెచ్చవేయాలి, తగ్గించాల్సిన ప్రతి 10 నాట్లకు ఒక మైలు కలపాలి. 30,000 అడుగుల నుంచైతే 90 మైళ్ళు, 290 నుంచి 210 నాట్లకు తగ్గాలంటే ఇంకో 8. ఇంతలో కంట్రోలర్ "డైరెక్ట్" అంటూ 20 మైళ్ళ అడ్డదారి ఇస్తాడు. సంతోషంగా సరే అంటాం. ఆ ఒక్క మాటతో విమానం ఉండాల్సిన దానికంటే 6,000 అడుగులు పైన ఉంటుంది. స్పీడ్‌బ్రేక్ తీసి, వేగం పెంచి దిగొచ్చు, కానీ ఆ వేగాన్ని మళ్ళీ తగ్గించడానికి మైళ్ళు కావాలి, అవే లేవు. ముందు లెక్క వేసుకుని జవాబు చెప్పండి, అవసరమైతే గేర్ ముందే దించండి, లేదా అడ్డదారి వద్దనండి. చాలా కంపెనీల్లో మబ్బులో 1,000 అడుగుల దగ్గర, చూపు బాగుంటే 500 దగ్గర గేర్, ఫ్లాప్స్, స్పీడు, పవర్ అన్నీ కుదిరి ఉండాలి. కుదరకపోతే గో అరౌండ్. దానికి ఎవరూ తిట్టరు, కుదరకుండా దిగినందుకే పిలుస్తారు.

కంపెనీ పెట్టిన సెక్టార్లు పూర్తయ్యాక లైన్ చెక్. సాధారణంగా పోను ఒకటి, రాను ఒకటి. వెనక్కి వచ్చి పార్కింగ్ బ్రేక్ వేశాక చెక్ కెప్టెన్ ఫారం నింపి సంతకం పెడతాడు, అంతే. మర్నాటి రోస్టర్‌లో ట్రైనర్ కాని మామూలు కెప్టెన్ పేరు ఉంటుంది. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు తగ్గకుండా చూసుకోవడం ఇక మీ బాధ్యత. తర్వాతి సిమ్ ఆరు నెలల్లో వస్తుంది, మెమరీ ఐటమ్స్ రాసుకున్న కార్డులు పారేయకండి.